ప్రకృతియా, అవస్థయా?

సంసారములో మనము దినమునకు ఎన్ని మారులు పరులకు పేరులు పెట్టుచుందుమో లెక్కించుకొన్నచో మనకే ఆశ్చర్యము కలుగును. ఒకతె గర్విష్ఠి, ఒకతె గయ్యాళి, ఒకతె నంగనాచి. పెద్దకుమారుడు మొండివాడు, చిన్నవాడు మందబుద్ధి, నడిమిపిల్ల నోరులేనిది. బారసాలనాడు పెట్టిన పేరు ఒక్కటియే. ఆ పిమ్మట ఇంటివారును ఇరుగుపొరుగువారును పెట్టిన పేరులు పదియైనను ఉండును. బారసాల పేరు మనుష్యుని పిలుచుటకు మాత్రమే పనికివచ్చును. ఈ రెండవ పేరులన్ననో, వానికి ఎంత చదువు చెప్పింపవలెనో, ఏ పని అప్పగింపవలెనో, ఎంతవరకు నమ్మవలెనో నిర్ణయించును. కోడలైనచో ఇంట నుంచుకొనవలెనో, పుట్టింటికి పంపివేయవలెనో కూడ అవియే నిర్ణయించును. కనుక ఒకరి స్వభావమును తెలిసికొనుట ఎట్లు అను ప్రశ్న పండితులకు మాత్రమే చెందినది కాదు. నలుగురితో కలిసి కాపురము చేయు మనకు అది మరింత దగ్గరిది. సోదరీమణులు కొంచెము ఓపికతో మా మాటలను ఆలకింపవలెనని కోరుచున్నాము.

మేము బాల్యమున బడికి పోయినవారము కాము. మా తండ్రిగారు మమ్ము దగ్గర కూర్చుండబెట్టుకొని కొన్ని కావ్యములను, భగవద్గీతను, కొంచెము అలంకారశాస్త్రమును చెప్పిరి. ఆ చదువులోని ఒక విషయము, సంసారములో దిగిన పిమ్మట మాకు మిక్కిలి ఉపయోగపడినది. ఆలంకారికులు నాయికలను ఎనిమిది విధములుగా చెప్పిరి. స్వాధీనపతిక, వాసకసజ్జిక, విరహోత్కంఠిత, విప్రలబ్ధ, ఖండిత, కలహాంతరిత, ప్రోషితభర్తృక, అభిసారిక అనునవి ఆ పేరులు. క్రొత్తగా చదువువారు ఇవి ఎనమండుగురు స్త్రీల స్వభావములని తలంతురు. అట్లు కాదు. ఇవి అవస్థలు. భర్త చెంతనున్నప్పుడు ఒక అవస్థ, దేశాంతరము పోయినప్పుడు ఒక అవస్థ, కలహించి పంపివేసి తరువాత వగచునప్పుడు మరియొక అవస్థ. ఒక్క స్త్రీయే ఈ ఎనిమిదింటిని పొందవచ్చును. ముక్కు తిమ్మనగారి పారిజాతాపహరణములో, భర్త తనవాడే యని మురియు సత్యభామయే, పారిజాత పుష్పము రుక్మిణికి చెందినదని విన్నంతనే పాము పడగ విప్పినట్లు లేచినది. ఆ ఒక్క ఘడియలో ఆమెను చూచినవారు ఆమె స్వభావమే క్రోధమందురు. తరువాతి ఘట్టమున చూచినవారు ఆమె స్వభావమే ప్రేమయందురు.

భగవద్గీతలోని గుణత్రయ విభాగమును గూర్చియు మనము ఇట్టి పొరపాటే చేయుచుందుము. సత్త్వము, రజస్సు, తమస్సు అని మూడు పెట్టెలున్నట్లును, మనుష్యులను ఏరి వానిలో పడవేయవచ్చుననియు మన వాడుక. పదునాల్గవ అధ్యాయమును శ్రద్ధగా చదివినచో, ఈ మూడును ప్రతివానియందును ఉండుననియు, ఒకప్పుడు ఒకటి మిగిలిన రెండింటిని అణచి పైకి వచ్చుననియు తెలియును. చరకసంహితలో మనుష్యుల మనస్సులను పదునారు విధములుగా విభజించి చెప్పిరి. వానిలో సాత్త్వికములు ఏడు, రాజసములు ఆరు, తామసములు మూడు. కాని అట్లు విభజించిన యా యాచార్యుడే, నిజమునకు ఈ భేదములు లెక్కకు అందనివని ఆ సందర్భముననే హెచ్చరించెను. మన పూర్వులు పేరులు పెట్టిరి; పేరులకు లొంగని మనుష్యుడున్నాడని కూడ ఎరిగియుండిరి. మనకు మొదటిది జ్ఞాపకమున్నది, రెండవది మరపున పడినది.

ప్రకృతి యనగా మనుష్యునియందు నిలుకడగా నుండునది. అవస్థ యనగా కాలమును, స్థలమును, ఎదుట నున్నవారిని బట్టి వచ్చి పోవునది. అవస్థను చూచి ప్రకృతి యని నమ్ముటయే ఇండ్లలోని సగము అపార్థములకు మూలమని మా అభిప్రాయము.

మేము కొండక్రిందనే తిరుపతిలో కాపురముండుటచేత ఏడాదికి రెండు మూడు మారులైనను అలిపిరి దారిని తిరుమలకు పోవుచుందుము. ఆ దారిలో 3,550 మెట్లున్నవి. మనుష్యుల అవస్థలను చూడదలచినవారికి అంతకంటె మంచి పాఠశాల లేదు. అలిపిరిలో గలగల మాటలాడుచు బయలుదేరినవారు మోకాళ్లమెట్ట దగ్గర మౌనమునులగుదురు. ఇంట ఒక చెంబు నీళ్లు తాము ముంచుకొననివారు, ఎవరో ఎరుగని ముసలమ్మ చేయిపట్టి ఎక్కింతురు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి కూర్చుండి, బిడ్డ ఏడ్చుచుండగా, ప్రక్కవారి మోచేయి తగిలినందుకే నిప్పులు గ్రక్కిన యిల్లాలు, దర్శనమై వెలుపలికి వచ్చిన పిమ్మట ఆ ప్రక్కవారికే తన లడ్డూలో సగము విరిచి ఇచ్చుటను మేము చూచితిమి. కంపార్టుమెంటులో చూచిన దానినే ఆమె స్వభావమందుమా? లడ్డూ పంచిన దానినే స్వభావమందుమా? రెండును ఆమెయే. మనము చూచినది ఆమె జీవితములో ఒక్క పూట.

ఈ క్యూలోనే జరిగిన యొక సంగతిని ఇచ్చట చెప్పవలసియున్నది. మా వీథిలోని ఒక గృహమునకు మూడేండ్ల క్రిందట శ్రీకాకుళపు వైపునుండి కోడలు వచ్చినది. కుమారుడు విశాఖపట్టణమున ఉద్యోగము చేయుచుండగా ఆ సంబంధము కుదిరినది. తరువాత అతనికి తిరుపతికి మార్పు వచ్చినది. కాపురమునకు వచ్చిన ఆరునెలలకే ఆ పిల్లకు పొగరుబోతు అను పేరు స్థిరపడినది. అత్తగారు మా యింటికి వచ్చినప్పుడెల్ల ఇదియే ప్రస్తావన.

“ఏం చెప్పేది అయివారమ్మా! పలికితే ముత్యాలు రాలిపోతాయనుకుంటాది. పిలిస్తే వస్తాది, చెప్పిన పని చేస్తాది, మళ్లా గదిలోకి పోయి కూర్చుంటాది. మేమంటే లెక్కే లేదు ఆ పిల్లకి. కొన్నాళ్లు పుట్టింట్లో ఉంచితే గానీ బుద్ధి రాదు.”

ఆమె చెడ్డ యిల్లాలు కాదు. కోడలి పనిలో వంక పెట్టలేదు. కాని ఆ మౌనమును ఆమె తిరస్కారముగా గ్రహించినది. ఒకమారు అట్లు గ్రహించిన పిమ్మట కోడలు చేసినదంతయు ఆ గ్రహింపునకే సాక్ష్యమైనది. తల వంచుకొని పోయిన నిర్లక్ష్యము. తల యెత్తి చూచిన పొగరు. పుట్టింటికి పంపు మాట నానాటికి ముదురుచుండెను. ఆ యింటి పెద్దలు ప్రయాణపు తేదీ దాక వచ్చిరి.

అట్టి దినములలో రెండు కుటుంబములవారమును కలిసి కొండకు పోతిమి. కంపార్టుమెంటులో మా ప్రక్కన పలాసనుండి వచ్చిన యొక గుంపు కూర్చుండినది. వారిలోని యొక వృద్ధురాలు ఈ పిల్ల మొగము చూచి “ఏ ఊరు గుంటా నీది?” అని యడిగెను. ఆ మాట చెవిని పడినంతనే ఆ పిల్ల మొగము దీపము వెలిగించినట్లైనది. ఆ తరువాత నాలుగు గంటల కాలము ఆమె నోరు మూయలేదు. ఊరి సంగతులు చెప్పినది, ఎవరి బిడ్డనో ఒడిలోనికి తీసికొని జోలపాడినది, ఒక కథ చెప్పి పదిమందిని నవ్వించినది. అత్తగారు కన్నులప్పగించి చూచి, మా చెవిలో “ఈ పిల్లకి ఇన్ని మాటలుండాయా!” అనెను.

దిగివచ్చునప్పుడు బస్సులో మేము ఆ పిల్లను దగ్గర కూర్చుండబెట్టుకొని, “ఇంట్లో ఎందుకమ్మా ఇట్లా మాట్లాడవు?” అని యడిగితిమి. ఆమె కొంచెము తడవు ఊరకుండి ఇట్లు చెప్పెను:

“వచ్చిన కొత్తలో పక్కింటి పాపని చూసి ‘ఈ గుంట ఎంత ముద్దుగా ఉందో’ అన్నానండి పిన్నిగారూ. అందరూ నవ్వారు. ఇక్కడ గుంట అంటే గొయ్యట. తర్వాత నేను నోరు తెరిస్తే చాలు, మా యాసకి నవ్వేవారు. నవ్వించుకోడం ఎందుకని అవసరమైనంతే మాట్లాడుతున్నానండి.”

ముందు వరుసలో కూర్చున్న అత్తగారు ఈ మాటలను వినెను. అప్పుడేమియు పలుకలేదు. పదిదినముల తరువాత మా యింటికి వచ్చి, “మొన్న ఎర్రగడ్డ చూపించి, ‘దీన్ని మీ ఊర్లో ఏమంటారే’ అని అడిగినా. అప్పుటినుంచి నాకు నోరు తెరిచే పని లేదు, అంతా ఆ పిల్లే మాట్లాడతాది” అని నవ్వెను. పుట్టింటి ప్రయాణము మాట మరల వినబడలేదు. అట్లని ఆ పిల్ల వాచాలురాలని మేము మరియొక పేరు పెట్టబోము. క్రొత్తవారి నడుమ ఆమె ఇప్పటికిని మితభాషిణియే. మారినది ఆమె ప్రకృతి కాదు. ఆమె చుట్టునున్న గాలి.

పాశ్చాత్య మనశ్శాస్త్రజ్ఞులు ఈ విషయమును గూర్చి నూరేండ్లకు పైగా పరిశ్రమించుచున్నారు. స్విట్జర్లాండు దేశపు వైద్యుడు యూంగు 1921లో ప్రకటించిన గ్రంథమున అంతర్ముఖులు, బహిర్ముఖులు అను భేదమును చెప్పెను. అమెరికాలో ఆల్పోర్టు, ఆడ్బర్టు అను నిరువురు 1936లో ఇంగ్లీషు నిఘంటువును గాలించి, మనుష్యుల నడవడిని వర్ణించు మాటలను ఏరగా అవి 17,953 తేలినవి. తరువాతివారు వానిని కుదించి కుదించి ఐదు ముఖ్యగుణములకు తెచ్చిరి. క్రొత్త విషయములయందు ఆసక్తి, పనియందు శ్రద్ధ, నలుగురితో కలియు ఉత్సాహము, ఇతరులతో సామరస్యము, మనస్సు తొందరగా కలత చెందుట అనునవి ఆ యైదు. ఇవి పెట్టెలు కావు, కొలపాత్రలు. ప్రతివారియందును ఐదును ఉండును. ఎక్కువ తక్కువలే భేదము. చాలమంది నడిమి కొలతలో నుందురు. కవలపిల్లలను పరిశీలించి, ఈ భేదములలో సుమారు సగపాలు పుట్టుకతో వచ్చునవని కూడ తేల్చిరి. కావున ప్రకృతి యనునది లేదని మేము చెప్పుట లేదు. ఒక తల్లి కడుపున పుట్టి, ఒక కంచమున తిన్న యిద్దరు బిడ్డలు ఒక్కతీరున నుండకపోవుట మనమెరిగినదే కదా.

కాని ప్రకృతి ఒక్కనాట కనబడునది కాదు. హార్ట్‌షోర్ను, మే అను పండితులు 1928లో ప్రకటించిన పరిశోధనలో వేలకొలది బడిపిల్లలను పరీక్షించిరి. పరీక్షలో మోసము చేయు అవకాశమొకచోట, ఆటలో అబద్ధమాడు అవకాశమొకచోట, ఇంటిపనిలో మరియొకచోట కల్పించి చూచిరి. ఒకచోట మోసగించిన పిల్లవాడు మరియొకచోట నిజాయితీగా నుండెను. ఒకచోట నిజము చెప్పినవాడు వేరొకచోట తప్పెను. దొంగపిల్లలు, మంచిపిల్లలు అను రెండు జాతులు వారికి చక్కగా విడివడి కనబడలేదు. మా వారు బడిపంతులు. ఈ సంగతి చదివి వినిపించినప్పుడు, “ఇరువదియేండ్లుగా తరగతిలో చూచుచున్నదే” యని వారనిరి. లెక్కల గంటలో ప్రక్కవాని పలక చూచి వ్రాయు పిల్లవాడే, త్రోవలో దొరికిన నోటును తెచ్చి ఇచ్చునట. 1968లో మిషెల్ అను పండితుడు ఇట్టి పరిశోధనలన్నింటిని చేర్చి, మనుష్యుని నడవడిలో సందర్భమునకు గల బలమును మనము తక్కువగా ఎంచుచున్నామని వాదించెను. ఏండ్లు వాదప్రతివాదములు జరిగిన పిమ్మట, ప్రకృతియు నిజమే, అవస్థయు నిజమే యనియు, పలుచోట్ల పలుమారులు చూచి సరాసరి తీసిననే ప్రకృతి బయటపడుననియు పెక్కురు అంగీకరించిరి.

మన ప్రక్కనేయున్న మైసూరులో జరిగిన యొక పరిశోధన ఇంకను విచారింపదగినది. జోన్ మిల్లరు అను విదుషీమణి 1984లో ప్రకటించిన పరిశోధనలో, షికాగో నగరపు వారిని, మైసూరులోని హిందువులను ఒకే తీరున ప్రశ్నించెను. మీరెరిగిన యొకరు ఒక మంచిపనియో, చెడ్డపనియో చేసినారు, ఎందుకు చేసినారు? షికాగోలోని పెద్దలు, వాని స్వభావమట్టిదని ఎక్కువగా చెప్పిరి. మైసూరులోని పెద్దలు, వాని పరిస్థితి యిట్టిది, వాని బాధ్యత యిట్టిది, ఎదుటివారితో వాని సంబంధమిట్టిది యని ఎక్కువగా చెప్పిరి. ఎనిమిదేండ్ల పిల్లలలో మాత్రము ఇరుతావులను ఇంత భేదము లేదు. అనగా అవస్థను చూచు కన్ను మన పెద్దలకు పెరుగుచుండగా అబ్బినది. ఇది మనకు సంతోషింపదగిన మాటయే. కాని ఒక ప్రశ్న మిగులును. ఆ కన్నుతో మనము ఎవరిని చూచుచున్నాము? మన కుమారుడు కసరిన, “పాపము, ఆఫీసులో ఏమి తొందర కలిగినదో” యందుము. కోడలు కసరిన, “దాని బుద్ధియే అంత” యందుము. మనవారికి అవస్థ, పరులకు ప్రకృతి! ఈ పక్షపాతము మన తీర్పులలో ఎంతయున్నదో ప్రతి యిల్లాలును తనలో తాను తూచి చూచుకొనదగును.

ఈ దినములలో చేతిఫోనులలో కొన్ని ప్రశ్నలకు ఉత్తరములిచ్చినచో, నీవు పదునారు తెగలలో ఫలానా తెగకు చెందినదానవని చెప్పు పరీక్షలు వ్యాపించినవి. వీనిలో ప్రసిద్ధమైనదానిని కల్పించినది ఇద్దరు గృహిణులు, తల్లియు కూతురును, అని వినిన మన సోదరీమణులు ముచ్చటపడుదురు. అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్ అను నామె, తన కుమార్తె ఇసబెల్ వరించిన యువకుడు తమ యింటివారివలె లేకుండుట చూచి, కాబోవు అల్లుని స్వభావమును తెలిసికొనగోరి ఈ విచారమునకు దిగెను. తరువాత కుమార్తె యూంగుగారి సిద్ధాంతమును ఆధారము చేసికొని, రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇంటనుండియే ప్రశ్నావళిని కూర్చెను. అది 1962లో విద్యాపరీక్షల సంస్థ ద్వారా ప్రకటితమైనది. అల్లుని దూషింపక తెలిసికొనవలెనన్న ఆ తల్లి కోరిక మెచ్చదగినదే. అయినను కొన్ని వారములు గడచి మరల పరీక్షించినచో పెక్కురు వేరొక తెగలో తేలుచున్నారని విమర్శకులు చూపిరి. కనుక ఆ పరీక్షలను ముచ్చటకు చూచుకొనవచ్చును గాని, వానిని నమ్మి సంబంధములు కుదుర్చుటయు, చెరచుటయు తగదు.

ఇక మన సీమలోనే పుట్టి, లోకము పెట్టిన పేరులకు లొంగని యిరువురిని స్మరింతము. మొదటివారు తరిగొండ వెంగమాంబగారు. 1730లో తరిగొండ గ్రామమున జన్మించిరి. చిన్ననాటనే వివాహమై, చిన్ననాటనే భర్తను కోల్పోయిరి. ఆనాటి ఆచారము విధించిన వైధవ్యచిహ్నములను ఆమె అంగీకరింపలేదనియు, స్వామియే తన భర్త యని చెప్పి పసుపు కుంకుమలను విడువలేదనియు, అందుకు ఊరివారు ఆమెకు పిచ్చి యని పేరు పెట్టి పీడించిరనియు పెద్దలు చెప్పుకొందురు. ఏకాంతముగా కూర్చుండి ధ్యానించుట, తనలో తాను పాడుకొనుట, ఎవరి మాటను లెక్కచేయకుండుట, వీనినన్నింటిని ఉన్మాదమునకు గురుతులుగా వారు చూచిరి. మదనపల్లెలోని సుబ్రహ్మణ్య దేశికులు ఆ గురుతులనే చూచి, యోగమునకు తగిన శిష్యురాలని గ్రహించి ఉపదేశము చేసిరి. చూచిన నడవడి ఒక్కటియే. చూచిన కన్నులు వేరు. తరువాత ఆమె తిరుమలకు చేరి, వేంకటాచల మాహాత్మ్యము, ద్విపద భాగవతము మొదలగు గ్రంథములను రచించి, 1817లో అచ్చటనే సమాధి చెందిరి. నేటికిని రాత్రి ఏకాంతసేవలో స్వామికి జరుగు ముత్యాలహారతి ఆమె పేరిటిది. 2011లో తిరుమలయందు ప్రారంభమైన అన్నప్రసాద భవనమునకు ఆమె పేరే పెట్టిరి. ఊరివారు పెట్టిన పేరును ఆమె నమ్మియుండినచో మనకు ఈ గ్రంథములు దక్కియుండెడివి కావు. నమ్మిన వెంగమాంబలు ఎందరు ఏ మూలగదులలో అణగిపోయిరో చెప్పగలవారెవరు?

రెండవవారు జిడ్డు కృష్ణమూర్తిగారు. 1895 మే నెలలో మదనపల్లెలో జన్మించిరి. బాల్యమున మలేరియా జ్వరముతో దీర్ఘకాలము బాధపడి బడికి సరిగా పోలేకపోయిరి. పదియేండ్ల ప్రాయమున, 1905లో, తల్లి గతించెను. పరధ్యానముగా నుండు ఆ బాలుని ఉపాధ్యాయులు మందబుద్ధి యని తలంచి దండించుచుండిరి. 1909లో తండ్రితో అడయారు చేరినప్పుడు, దివ్యజ్ఞాన సమాజమునకు చెందిన లెడ్బీటరు అనునతడు ఆ బాలునే చూచి, ఇతడు రాబోవు జగద్గురువునకు తగిన పాత్రమని చాటెను. 1911లో ఆయన కొరకు ఒక సంఘమే వెలసినది. మందబుద్ధి యన్న పేరు పోయి జగద్గురువన్న పేరు వచ్చినది. మరియొకరైనచో ఆ గౌరవమునకు పొంగియుందురు. ఆయన 1929లో ఆ సంఘమును తామే రద్దుచేసి, ఆ పేరును కూడ విడిచివేసిరి. తరువాత 1986లో గతించువరకు, ఏ పేరును అడ్డము పెట్టుకొనక తన్ను తాను క్షణక్షణము గమనించుకొనుటయే జ్ఞానమని బోధించిరి. మదనపల్లె దాపుననున్న ఋషివ్యాలీ పాఠశాల ఆయన తలపులనుండి పుట్టినదే.

ఈ చరిత్రములో స్త్రీలమైన మనకు ఒక రహస్యమున్నది. దూషణతో కూడిన పేరే కాదు, భూషణమువంటి పేరు కూడ సంకెలయే. పెద్దకూతురు ఓపికగలదని పేరు పడిన పిమ్మట ఆమెకు అలసట వచ్చిన ఎవరికి కనబడును? ఈ కోడలు సర్దుకొనిపోవునదని పదిమందిలో పొగడిన పిమ్మట ఆమె తన కోరికను ఏ నోటితో చెప్పుకొనును? మెచ్చుకోలు మాటతో ఆమె చేతులు కట్టివేసి, అది ఆమె స్వభావమే కదా యని మనము నిశ్చింతగా నుందుము.

అట్లైనచో మనమేమి చేయవలెను? మాకు తోచిన కొన్ని మాటలను మనవి చేయుచున్నాము. మొదటిది, నామవాచకము నోట రాబోవునప్పుడు దానిని క్రియాపదముగా మార్చుకొనవలెను. “నీవు సోమరివి” అనుటకు బదులు “ఈ దినము నీవు పుస్తకము తెరవలేదు” అన్నచో, ఆ తప్పు రేపు దిద్దుకొనదగినదగును. సోమరి యన్న పేరు మాత్రము బిడ్డతోపాటు పెరుగును.

రెండవది, దేహమును ముందు విచారింపవలెను. ఆకలి, నిద్రలేమి, చెవిపోటు, కంటిచూపు మాంద్యము, ఇవి యెన్నియో స్వభావముల వేషము వేసికొని వచ్చును. ప్రసవించిన కొన్ని వారములకు బాలింత ఊరక యేడ్చుచు, బిడ్డను కూడ ఎత్తుకొననిచో, అది పెంకితనమని యెంచవద్దు. చికిత్సతో కుదురు వ్యాధి కావచ్చును. వైద్యునికి చూపుట మన ధర్మము.

మూడవది, ఒకరిని మూడుచోట్ల చూచినగాని తీర్పు చెప్పరాదు: పెద్దల యెదుట, తమ యీడువారితో, తమకంటె చిన్నవారితో. పెండ్లిచూపులలో అరగంటసేపు తలవంచుకొని కూర్చుండిన పిల్లను చూచి, అణకువగలదని కొందరును, మూగమొద్దు అని కొందరును పోవుచున్నారు. ఆ తలవంపు ఆ గదియొక్క అవస్థయే గాని ఆ పిల్ల ప్రకృతి కాదు. ఎదుట కాఫీ త్రాగుచున్న యువకుని వినయమును కూడ ఇట్లే ఎంచవలెను.

నాల్గవది, అడుగవలెను. ఇది అన్నింటికంటె సులభము, అన్నింటికంటె అరుదు. మా వీథి కోడలిని గూర్చి ఏడాదికి పైగా పలువురు పలుతీరుల ఊహించిరి. తగులబెట్టు చూపు లేకుండ, “ఎందుకమ్మా?” అని ఆ పిల్లనే యడుగుటకు పట్టిన కాలము ఒక్క నిమిషము.

ఒక్క హెచ్చరిక మాత్రము చేయవలసియున్నది. తెలిసికొనుట వేరు, సహించుట వేరు. భార్యపై చేయిచేసికొను పురుషుని గూర్చి, పాపము ఏ అవస్థలో నున్నాడో యని ఆ యిల్లాలికి నచ్చజెప్పి పంపివేయువారు, ఈ విచారమును అపమార్గము పట్టించుచున్నారు. కారణము తెలిసినంతమాత్రాన చేసిన కీడు కీడు కాకపోదు. ముందు ఆమెను రక్షింపవలెను. అతని అవస్థను తరువాత విచారింపవచ్చును.

ఇన్నియు చేసిన పిమ్మట, ఎండకాలమును వానకాలమును, కలిమియు లేమియు, పండుగయు జ్వరమును కలిసి గడచిన పిమ్మట, అన్నింటిలోను చెదరక నిలిచినది ఏదియో ఒకటి ఎదుటివారిలో కనబడును. అది వారి ప్రకృతి. దానికి పేరు పెట్టవలెనన్న తొందర అప్పటికి మనకు ఉండదు. వారితో కలిసి బ్రతుకు తెలివి మాత్రము మిగులును. సోదరీమణులారా! నేటి సాయంకాలము మీ యింట ఎవరికి ఏయే రెండవ పేరులున్నవో ఒక్కమారు తలచుకొనుడు. వానిలో ఒక్క పేరునైనను ఈ మాసమంతయు పలుకక యుండి చూడుడు. ఆ పేరు వెనుకనుండి ఏ మనుష్యుడు బయటికి వచ్చునో మీకే తెలియును.